డ్రాయింగ్ లోయర్, హయ్యర్, 42 రోజుల టీటీసీ: టైమెంత, ఖర్చెంత? తరచుగా అడిగే ప్రశ్నలు

డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలకి టీసీసీ నోటిఫికేషన్ పడిందంటే నా ఫోను మోగడం మొదలవుతుంది. ఏప్రిల్‌లో టీటీసీ అనే వేసవి టీచర్ శిక్షణ పేరుతో ఇంకో విడత. అడిగేవాళ్లు మారతారు కానీ అడిగేవి మాత్రం అవే. నేను ప్రైవేటు స్కూల్లో డ్రాయింగ్ టీచర్ని. ఉద్యోగం వదలకుండా, ఇల్లు చూసుకుంటూనే లోయర్, హయ్యర్, టీటీసీ మూడూ పూర్తిచేశాను. టీటీసీ 2018 వేసవిలో అయింది. ఒక్కో ఫోనుకీ అరగంట చెప్పే బదులు అన్నీ ఒకచోట రాసిపెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి, ముందున్నవి చదవకపోయినా అర్థమవుతుంది.

## చేరే ముందు

టీసీసీ, టీటీసీ రెండూ ఒకటేనా మేడమ్? పేర్లతోనే బుర్ర తిరుగుతోంది.

ఒకటి కాదు. టీసీసీ అంటే టెక్నికల్ సర్టిఫికెట్ కోర్సు. మీకు బొమ్మ వేయడం వచ్చో రాదో చూసే పరీక్ష అది. ఇందులో లోయర్ గ్రేడ్, హయ్యర్ గ్రేడ్ అని రెండు మెట్లు. డ్రాయింగ్‌తో పాటు టైలరింగ్, చేనేత కూడా ఉంటాయి. టీటీసీ అంటే టెక్నికల్ టీచర్స్ సర్టిఫికెట్. వచ్చిన బొమ్మని పిల్లలకి ఎలా నేర్పాలో చెప్పే 42 రోజుల వేసవి శిక్షణ ఇది. రెండు రాష్ట్రాల్లోనూ రెండింటినీ నడిపేది ప్రభుత్వ పరీక్షల విభాగమే. డీఎడ్‌ని పాతకాలంలో టీటీసీ అనేవారు కాబట్టి ఇంట్లో పెద్దవాళ్లు "అది రెండేళ్లు కదమ్మా" అంటారు. ఆ టీటీసీ వేరు, ఇది వేరు.

అన్నీ పూర్తవడానికి మొత్తం ఎన్నాళ్లు పడుతుంది?

ఏదీ తప్పకుండా సాగితే ఏడాదిన్నర నుంచి రెండేళ్లు. పరీక్షలు ఈమధ్య జనవరి ప్రాంతంలో పెడుతున్నారు. ఈ జూన్‌లో పెన్సిల్ పట్టుకుంటే వచ్చే జనవరికి లోయర్, ఆ మే నెలలో టీటీసీ, మళ్లీ జనవరికి హయ్యర్. టీటీసీలో చేరడానికి లోయర్ చాలు, హయ్యర్ దాకా ఆగక్కర్లేదు. నాకు మూడేళ్లు పట్టింది. మధ్యలో ఒక వేసవి మా అత్తయ్యగారి ఆపరేషన్‌తో పోయింది. వేసవి ఒకటి తప్పిందంటే ఏడాది మొత్తం తప్పినట్టే. టీటీసీ వచ్చేది ఏడాదికి ఒక్కసారే.

ఉద్యోగం చేస్తూ కుదురుతుందా? రోజుకి ఎంతసేపు కూర్చోవాలి?

కుదురుతుంది. లోయర్‌కి రోజుకి గంట, పరీక్షకి రెండు నెలల ముందు నుంచి గంటన్నర చాలు. కానీ "రోజూ" అన్నమాట గట్టిగా పట్టుకోవాలి. ఆదివారం ఒక్కరోజే ఏడు గంటలు కూర్చునేవాళ్లని చూశాను, సోమవారానికి చెయ్యి మళ్లీ మొదటికొస్తుంది. నేను పొద్దున కుక్కర్ మూడు కూతలు వేసేలోపు ఒక ఫ్రీహ్యాండ్ అవుట్‌లైన్, అంటే స్కేలు, కంపాస్ లేకుండా చేత్తోనే గీసే బొమ్మ, వేసేదాన్ని. రబ్బరు ముట్టుకోకూడదని నాకు నేనే షరతు పెట్టుకున్నాను. రాత్రి పిల్లలు పడుకున్నాక రంగులు. రంగుల పని మాత్రం పావుగంట ముక్కల్లో సాగదు. కలిపిన రంగు గిన్నెలో ఎండిపోయిందంటే మళ్లీ అదే ఛాయ రాదు. దానికి వారంలో రెండు రాత్రులు విడిగా ఉంచుకోండి.

నాకు 36 ఏళ్లు. స్కూలు వదిలాక బొమ్మ వేయలేదు. ఇప్పుడు మొదలుపెడితే నవ్వుతారా?

ముగ్గు వేయడం వచ్చా? 15 చుక్కలు 8 వరకు పెట్టి మెలికల ముగ్గు తప్పులేకుండా మూసేవాళ్లకి పరీక్షలో డిజైన్ పేపరు సగం వచ్చినట్టే. సమానమైన ఖాళీ, తిరిగి తిరిగి వచ్చే ఆకారం, ఎటు తిప్పినా సరిపోయే పొందిక, ఆ పేపరులో చూసేది ఇవే. లోయర్‌కి 7వ తరగతి పాసైతే చాలు కాబట్టి హాల్లో మీ పక్కన స్కూలు పిల్లలు కూర్చుంటారు. వాళ్లు నవ్వరు, మీ దగ్గర షార్పెనర్ అడుగుతారు.

మొత్తం ఎంత డబ్బు చేతిలో పెట్టుకోవాలి?

ప్రభుత్వానికి కట్టేది చూసి మోసపోవద్దు. ఈమధ్య నోటిఫికేషన్లలో పరీక్ష ఫీజు డ్రాయింగ్ లోయర్‌కి 100 రూపాయలు, హయ్యర్‌కి 150. ఇంత చవక చదువు ఇంకెక్కడుంటుంది అనిపిస్తుంది. ఖర్చంతా ఫీజు బయటే ఉంది. కాగితాలు, రంగులు, నేర్పించే మాస్టారికి ఇచ్చేది, పరీక్ష సెంటరుకి ప్రయాణం, 42 రోజులు వేరే ఊళ్లో ఉండటం, ఆ నెల రాని జీతం. నా లెక్క ప్రకారం టీటీసీకి ఒక్కదానికే అన్నీ కలిపి 18 వేలు దాటింది, అందులో సగం నేను ఖర్చుపెట్టింది కాదు, నాకు రానిది. ఇప్పుడు మొదలుపెట్టేవాళ్లు లోయర్ నుంచి హయ్యర్ దాకా 30 నుంచి 40 వేలు అనుకుని దిగితే మధ్యలో అప్పు చేయక్కర్లేదు. సెంటరు ఉన్న ఊళ్లోనే మీరుంటే ఇందులో సగం తీసేయండి.

ఇంత తిప్పలు ఎందుకు, బీఎఫ్ఏ చేస్తే పోలా?

ఇంటర్ ఇప్పుడే అయి, నాలుగేళ్లు ఇంట్లోవాళ్లు చూసుకోగలిగితే బీఎఫ్ఏనే చేయండి, నిస్సంకోచంగా చెబుతున్నాను. హైదరాబాద్‌లో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ ఉంది, విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీలో ఫైన్ ఆర్ట్స్ విభాగం ఉంది. చిత్రకారులు కావాలనుకునేవాళ్ల దారి అది. లోయర్, హయ్యర్, టీటీసీ అనేది ఇల్లో ఉద్యోగమో వదల్లేనివాళ్ల దారి. బీఎఫ్ఏ పగటిపూట నాలుగేళ్ల చదువు, సాయంత్రాల్లో నెట్టుకొచ్చేది కాదు.

## లోయర్ గ్రేడ్ ఏడాది

ఇన్‌స్టిట్యూట్‌లో చేరాలా, ఇంట్లోనే నేర్చుకోవచ్చా?

ప్రైవేటుగా కట్టి రాయొచ్చు, ఇన్‌స్టిట్యూట్ తప్పనిసరి కాదు. కానీ తప్పు చూపించే కన్ను ఒకటి కావాలి. ఎదురుగా పెట్టిన వస్తువుని చూసి వేసే మోడల్ డ్రాయింగ్‌లో బిందె మూతి ఎంత గుండ్రంగా, ఎంత కోలగా కనపడాలన్నది మన కంటి ఎత్తుని బట్టి మారుతుంది. బిందె మూతి గుండ్రం అని మనకి ముందే తెలుసు కాబట్టి కనిపించేది వదిలేసి తెలిసింది వేసేస్తాం. ఏడాదంతా అలాగే వేసి, ఏం తప్పో తెలియకుండానే ఫెయిలైనవాళ్లున్నారు. మీ ఊళ్లో రిటైరైన డ్రాయింగ్ మాస్టారు ఉంటే నెలకి రెండుసార్లు మీ షీట్లు పట్టుకెళ్లండి. నాకు నేర్పిన మాస్టారు డబ్బులు తీసుకోలేదు. దసరాకి పంచె పెడితే మొహమాటపడుతూ తీసుకున్నారు. ఇన్‌స్టిట్యూట్ అయితే వారాంతపు క్లాసులకి నెలకి వెయ్యి, పదిహేను వందలు అడుగుతున్నారు. ఒక క్లాసు కూర్చుని చూశాకే కట్టండి. మాస్టారు మీ షీటు మీద చెయ్యి పెట్టి తనే గీసి ఇచ్చేస్తుంటే అక్కడ మానేయండి.

"పాస్ గ్యారంటీ, అన్నీ కలిపి ప్యాకేజీ" అంటున్నారు. కట్టమంటారా?

కట్టకండి. 100 రూపాయల పరీక్షకి వేలల్లో గ్యారంటీ ఇస్తున్నారంటే ఆ గ్యారంటీ దేనికో మీరే ఆలోచించుకోండి. నాకు తెలిసిన ఒకావిడ అలాగే కట్టింది. అప్లికేషన్ వాళ్లే నింపారు, సబ్జెక్టు కాలంలో డ్రాయింగ్ బదులు టైలరింగ్ పడింది. హాల్‌టికెట్ వచ్చాక గానీ చూసుకోలేదు. అప్లికేషన్ మీరే నింపి, ఫీజు మీరే కట్టి, రసీదు మీ ఫోనులో పెట్టుకోండి.

ఏమేం కొనాలి? ఆన్‌లైన్‌లో 82 ముక్కల ఆర్ట్ కిట్ చూశాను, తీసుకోనా?

ఆ కిట్లో మీకు పనికొచ్చేవి పది కూడా ఉండవు. మిగతాది మీ పిల్లలు వారంలో పంచేసుకుంటారు. హెచ్‌బీ, 2బీ, 4బీ పెన్సిళ్లు, మంచి రబ్బరు ఒకటి, 12 రంగుల పోస్టర్ కలర్ సీసాల పెట్టె, గుండ్రటి బ్రష్షులు మూడు సైజులు, పలకలాంటి బ్రష్షు ఒకటి, గట్టి కంపాస్ ఉన్న జామెట్రీ బాక్సు, సెట్ స్క్వేర్లు, చెక్క బోర్డు, నాలుగు క్లిప్పులు. మొదటి కొనుగోలు రెండు వేలలోపే అయిపోతుంది. ఆ తర్వాత డబ్బు తినేది కార్ట్రిడ్జ్ షీట్లే, అంటే మందపాటి డ్రాయింగ్ కాగితాలు. ప్రాక్టీసు అంతా వాటి మీదే చేస్తే నెలకి మూడు, నాలుగొందలు పోతాయి. నేను సగం ప్రాక్టీసు స్కూల్లో మిగిలిపోయిన ప్రశ్నపత్రాల వెనక వేశాను. రంగులకి మాత్రం మంచి కాగితమే వాడాలి, పల్చటి కాగితం నీళ్లు తగిలితే ఉబ్బి ముడతలు పడుతుంది, తప్పు మీ చేతిదో కాగితానిదో తెలియదు. కంపాస్ దగ్గర పిసినారితనం వద్దు. వదులు కంపాస్‌తో గీసిన వృత్తం మొదలైన చోటికి తిరిగి రాదు.

జామెట్రీ అంటే భయం. లెక్కలు రావాలా?

కూడికలు వస్తే చాలు. అందులో ఉండేది గీయడమే. ఇచ్చిన గీతని సమభాగాలు చేయడం, పంచభుజి, షడ్భుజి నిర్మించడం, వృత్తానికి స్పర్శరేఖ వేయడం, ఇలాంటివి. అడుగులు గుర్తుంటే మార్కులు నికరంగా వచ్చేది ఇందులోనే. బొమ్మ బాగుందో లేదో అనే పేచీ ఉండదు. నిర్మాణ రేఖలు సన్నగా, జవాబు గీత ముదురుగా వేయండి. నిర్మాణ రేఖలు చెరిపేస్తే మార్కులు పోతాయి.

పరీక్షకి ఎన్ని రోజులు సెలవు పెట్టాలి?

పేపర్లు వరుస రోజుల్లో ఉంటాయి, వారం తీసిపెట్టుకోండి. సెంటరు జిల్లా కేంద్రంలో పడుతుంది. బోర్డు, రంగులు మోసుకుని తెల్లవారి బస్సులో వెళ్లి అటునుంచి అటే హాల్లో కూర్చుంటే చెయ్యి వణుకుతుంది, మొదటి రోజుకైనా ముందురాత్రే చేరుకోండి. నీళ్ల డబ్బా, పాత గుడ్డ ఇంటి నుంచే తీసుకెళ్లండి. హాల్లో ఎవరూ ఇవ్వరు.

## ఆ 42 రోజులు

టీటీసీకి స్కూలు నుంచి సెలవు దొరుకుతుందా?

శిక్షణ మామూలుగా మే 1న మొదలై జూన్ 11న ముగుస్తుంది. స్కూళ్లు తెరిచేది జూన్ 12న. కాగితం మీద చూస్తే టీచర్ల కోసమే కుట్టిన చొక్కాలా ఉంటుంది. కానీ ప్రైవేటు స్కూల్లో చేసేవాళ్లకి మే అంటే సెలవు కాదని మీకూ తెలుసు. అడ్మిషన్ల కోసం కరపత్రాలు పట్టుకుని ఇంటింటికీ తిరగాలి. నేను ఫిబ్రవరిలోనే చెప్పాను, అప్పుడు తల ఊపారు. ఏప్రిల్ 20న పిలిచి "క్యాంపెయిన్‌కి రాకపోతే మే జీతం ఉండదు, జూన్‌లో సీటు సంగతి చూద్దాం" అన్నారు. తొమ్మిది వేలు వదులుకుని వెళ్లాను. జూన్ 12న మళ్లీ అదే కుర్చీలో కూర్చున్నాను, ఎందుకంటే ఆ డబ్బుకి ఇంకో డ్రాయింగ్ టీచరు దొరకలేదు. మీకు నేను చెప్పేది ఒకటే. జనవరి పరీక్ష రాయగానే కాగితం మీద రాసి ఇవ్వండి, దాని కాపీ మీద సంతకం తీసుకోండి. ఆ నెల జీతం రాదనే లెక్కతోనే డబ్బు దాచుకోండి.

రోజూ వెళ్లాలా? మధ్యలో మా తమ్ముడి పెళ్లి ఉంది.

రోజూ వెళ్లాలి. హాజరు గట్టిగా చూస్తారు. మే, జూన్ మన పెళ్లిళ్ల సీజనే కాబట్టి ఈ ప్రశ్న ప్రతి బ్యాచ్‌లో పదిమందికి వస్తుంది. పెళ్లిరోజు ఒక్కటీ అనుమతి అడిగి వెళ్లి మర్నాడు పసుపు బట్టలతోనే వచ్చినవాళ్లున్నారు. ప్రదానం, స్నాతకం, రిసెప్షన్, వ్రతం అంటూ వారం అడిగితే మాత్రం ఆ ఏడాది వదులుకున్నట్టే. మీరు పాఠం చెప్పి చూపించాల్సిన ప్రాక్టీస్ టీచింగ్ రోజున మాత్రం ఏ పెళ్లీ పెట్టుకోవద్దు.

ఊరు కాని ఊళ్లో ఉండాలి. ఆ ఖర్చు ఎంత?

నా చిన్న నోటుబుక్కులో 2018 లెక్క ఇంకా ఉంది. ముగ్గురం కలిసి తీసుకున్న గదిలో నా వాటా 2,400. తిండికి 4,600. చార్టులు, రికార్డులు, లెసన్ ప్లాన్ పుస్తకాలకి 1,350. ఆదివారాలు ఇంటికి రాకపోకలకి 900. మొత్తం 9,250. ఇప్పటి ధరల్లో 15 వేలు అనుకోండి. సెంటరు గంటన్నర దూరంలోపు ఉంటే ఇంటి నుంచే తిరగడం మేలు. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రలో 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు కాబట్టి ఈ లెక్క మారిపోయింది. ఆధార్ కార్డు మర్చిపోకండి. కాకపోతే మే ఎండలో రానూపోనూ మూడు గంటల బస్సు ప్రయాణం చేసి రాత్రి చార్టు వేయడం ఎలా ఉంటుందో ఒక వారం ఊహించుకుని అప్పుడు నిర్ణయించుకోండి.

రెండేళ్ల పాప ఉంది. తీసుకెళ్లొచ్చా?

క్లాసులోకి కుదరదు. మా బ్యాచ్‌లో ఒకమ్మాయి వాళ్లమ్మని కూడా తెచ్చుకుని సెంటరు పక్క వీధిలో గది తీసుకుంది, ఇంటర్వెల్‌కి పరిగెత్తేది. ఖర్చు రెట్టింపయింది కానీ పూర్తిచేసింది. చంటిపిల్లని వదిలి ఉండలేనివాళ్లకి నా సలహా, ఈ ఏడాది హయ్యర్ రాసేయండి, శిక్షణ వచ్చే వేసవికి పెట్టుకోండి.

అక్కడ బొమ్మలే వేయిస్తారా?

కాదు, అక్కడే చాలామంది తెల్లమొహం వేస్తారు. బోధన పద్ధతులు, పిల్లల మనస్తత్వం, స్కూలు నిర్వహణ, ఇవి థియరీ. లెసన్ ప్లాన్లు రాయాలి, చార్టులు తయారుచేయాలి, పాఠం చెప్పి చూపించాలి. థియరీ పరీక్ష శిక్షణ తర్వాత విడిగా ఉంటుంది. డ్రాయింగ్ వాళ్లే కాదు, టైలరింగ్, సంగీతం వాళ్లూ అదే గదిలో కూర్చుంటారు.

వేసవిలో పిల్లలు ఎక్కడ దొరుకుతారు? మనమే ఆరో తరగతి పిల్లలం. ఆకు బొమ్మ ఎలా వేయాలో నేను బోర్డు మీద చెబుతుంటే 43 ఏళ్ల చేనేత మాస్టారు లేచి "టీచర్, వీడు నా పెన్సిల్ తీసుకున్నాడు" అన్నారు. గదంతా గొల్లుమంది. వెనక కూర్చున్న లెక్చరర్ నవ్వలేదు, "ఇప్పుడేం చేస్తావో చెయ్యి" అన్నారు. నేను చాక్‌పీసు పట్టుకుని నిలబడిపోయాను. ఆకు నడిమి ఈనె ముందు వేయాలా, అంచు ముందు వేయాలా అన్నది నాకు తెలుసు. పెన్సిల్ పోయిన పిల్లాడితో ఏం మాట్లాడాలో తెలియదు. ఆ పూట నేర్చుకున్నది ఇవాళ్టికీ రోజూ వాడుతున్నాను.

ఇంకో చిన్న విషయం. మే నెలలో చేతి చెమటకి పెన్సిల్ గీతలన్నీ అలికినట్టయిపోతాయి. మణికట్టు కింద చేతిరుమాలు మడిచి పెట్టుకోండి. ఫ్యాను కింద కూర్చుంటే షీటు ఎగురుతుంది, కూర్చోకపోతే మీరు ఉండలేరు. క్లిప్పులు నాలుగూ తీసుకెళ్లండి.

వయసు పరిమితి ఉందా?

ఉంది. టీటీసీకి 18 నిండి 45 దాటకూడదు, పదో తరగతి పాసై ఉండాలి. 44లో ఉన్నవాళ్లు ఒక్క వేసవి కూడా వాయిదా వేయకండి.

## హయ్యర్, ఆ తర్వాత

లోయర్, టీటీసీ ఉన్నాయి. హయ్యర్ తప్పనిసరా?

ప్రైవేటు స్కూల్లో చాలామంది అడగరు. ప్రభుత్వ, గురుకుల పోస్టుల వైపు చూసేవాళ్లకి మాత్రం హయ్యర్ లేకపోతే తలుపు దగ్గరే ఆగిపోవాల్సి రావచ్చు. శ్రమ లోయర్‌కి రెండింతలు ఉంటుంది, రోజుకి గంట సరిపోదు. చెయ్యి తిరిగి ఉన్నప్పుడే వెంటనే రాసేయండి. రెండేళ్లు గ్యాప్ ఇచ్చి మళ్లీ మొదలుపెట్టినవాళ్లు లోయర్ షీట్లు తీసి చూసుకుని "ఇవి నేనే వేశానా" అంటారు.

డబ్బు పెట్టకుండా కన్ను ఎక్కడ పెంచుకోవాలి?

రాజమండ్రిలో దామెర్ల రామారావు చిత్రాలున్న గ్యాలరీకి ఒక పూట వెళ్లండి. 1925లో 28 ఏళ్లు నిండకుండానే పోయాడాయన. లేపాక్షి గుడిలో పైకప్పు మీద విజయనగర కాలం బొమ్మలున్నాయి, చీరల అంచులు చూసి నోట్‌బుక్కులో దించుకోండి, డిజైన్ పేపరుకి అంతకన్నా మంచి గైడు లేదు. హైదరాబాద్ వాళ్లకి సాలార్‌జంగ్ ఉండనే ఉంది. పెడనకో శ్రీకాళహస్తికో దగ్గరగా ఉంటే కలంకారీ పనివాళ్ల దగ్గర గంట నిలబడండి.

ఇదంతా చేస్తే ఉద్యోగం వస్తుందా? పెట్టిన డబ్బు ఎప్పటికి తిరిగొస్తుంది?

సర్టిఫికెట్ ఉద్యోగం ఇవ్వదు, అడగడానికి అర్హత ఇస్తుంది. డ్రాయింగ్ పోస్టులు తరచుగా పడవు, పడ్డప్పుడు కొన్నే ఉంటాయి, అర్హతలు ఒక్కో నోటిఫికేషన్‌లో ఒక్కోలా ఉంటాయి. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలులో, 6 నుంచి 8 తరగతుల్లో వందకి మించి పిల్లలున్న స్కూలుకి కళావిద్యకి పార్ట్‌టైం ఇన్‌స్ట్రక్టరు ఉండాలని రాసుంది. ఆ లెక్కన తీసుకున్నవాళ్లు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నారు, కానీ పేరులోనే ఉంది, పార్ట్‌టైం. దాని మీదే ఇల్లు గడుస్తుందని ఎవరికీ చెప్పను.

నాకు డబ్బు తిరిగొచ్చింది ట్యూషన్లతో. శని, ఆదివారాలు మా వరండాలో పదకొండు మంది పిల్లలు కూర్చుంటారు, నెలకి తలకి 400. "సర్టిఫికెట్ ఉన్న టీచర్" అన్నమాటకి తల్లిదండ్రులు ఇచ్చే విలువ ఉందే, అది నిజం. స్కూల్లో జీతం పెరిగింది మాత్రం 1,500. నెలల లెక్క మీరే వేసుకోండి. ఇంకో మాట కూడా చెప్పాలి. పరీక్షల ముందు మన పీరియడ్ లెక్కల టీచరుకి ఇచ్చేస్తారు. టీటీసీ చేసినా ఇస్తారు.

నేను గవర్నమెంటు స్కూల్లో సోషల్ చెబుతాను. నాకూ ఇదంతా కావాలా?

అక్కర్లేదు. పోస్టు మారాలని లేకపోతే మీకు సీసీఆర్‌టీ (సెంటర్ ఫర్ కల్చరల్ రిసోర్సెస్ అండ్ ట్రైనింగ్) ఉంది. 1979లో ఢిల్లీలో పెట్టిన కేంద్ర సంస్థ, హైదరాబాద్ మాదాపూర్‌లో ప్రాంతీయ కేంద్రం ఉంది. పనిలో ఉన్న టీచర్లకి తోలుబొమ్మలు, చేతిపనులు, నాట్యం, సంగీతం పాఠాల్లో ఎలా కలపాలో నేర్పిస్తారు. విద్యాశాఖ ద్వారా పేరు పంపించుకోవాలి. మీ హెడ్మాస్టర్ని ఉత్తరాలొచ్చే ఫైలు అడగండి, చాలాచోట్ల సర్క్యులర్ అందులోనే ఉండిపోతుంది.

సర్టిఫికెట్‌లో ఇంటిపేరు తప్పు పడింది. ఇప్పుడేం చేయాలి?

పదో తరగతి సర్టిఫికెట్‌లో ఎలా ఉందో అలాగే ఉండాలి. దాని జిరాక్సు జతచేసి వెంటనే జిల్లా విద్యాశాఖ కార్యాలయంలో అడగండి. పెళ్లయ్యాక మారిన ఇంటిపేరుతో అప్లికేషన్ నింపడమే దీనికి అసలు కారణం, కాబట్టి ఇంకా నింపనివాళ్లు పుట్టింటి పేరే రాయండి.